మా అత్తగారికి వాసన తెలియని వేసవి

మార్చి నెల మధ్యలో ఒకరోజు స్కూలు నుంచి ఇంటికి వచ్చేసరికి వీధి గుమ్మం దగ్గరే మాడు కంపు కొట్టింది. చోడవరంలో ఒక ప్రైవేటు స్కూల్లో నేను ఆఫీసు పని చూస్తాను. ఒంటిపూట బళ్లు మొదలయ్యాయి కాబట్టి ఒంటిగంటకల్లా ఇంటికి చేరుతున్నాను. చెప్పులు విప్పకుండానే వంటింట్లోకి పరుగెత్తాను. పొయ్యి మీద పప్పుగిన్నె అడుగంటి నల్లగా మాడిపోతోంది. అక్కడికి నాలుగడుగుల దూరంలో, గుమ్మం పక్కన, పొయ్యికి వీపు పెట్టి మా అత్తగారు చింతపండు పిక్కలు తీస్తూ కూర్చున్నారు.

“ఏటమ్మా, అలాగ పరిగెడతన్నావు?” అని అడిగారు.

నేను పొయ్యి కట్టేశాను. ఆవిడ లేచి వచ్చి గిన్నెలోకి చూశారు, తర్వాత నా మొహంలోకి చూశారు. నేను వద్దంటున్నా వినకుండా ఆ గిన్నె పెరట్లోకి పట్టుకెళ్లి, ఇసకా బూడిదా వేసి చాలాసేపు తోమారు.

సాయంత్రం తులసికోట పక్కన కూర్చున్నప్పుడు అసలు సంగతి చెప్పారు. జనవరిలో ఇంట్లో అందరికీ జ్వరాలు వచ్చాయి. మా ఆయనకీ నాకూ వారంలో తగ్గిపోయింది. ఆవిడకి జ్వరం తగ్గింది గాని వాసన తెలియడం పోయింది. జలుబు వదిలితే అదే వస్తుందిలే అనుకున్నారట. రెండు నెలలు గడిచినా రాలేదు. ఎవరికీ చెప్పకుండా, చేతికి అలవాటైన కొలతతో వంట చేస్తూ వచ్చారు.

అప్పుడు నాకు ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. పులిసిపోయిన మజ్జిగ మూడురోజులు పోశారు. రసంలో ఇంగువ రెండింతలు పడింది. అమ్మ వంట ఈమధ్య మారిపోయింది, పెద్దతనం వస్తున్నట్టుంది అని మా ఆయన నాతో ఒకసారి అన్నారు కూడా. ఆవిడ సన్నబడ్డారని జాకెట్లు వదులైనప్పుడు గమనించాను గాని, కారణం అడగలేదు. అన్నం నోట్లో పెట్టుకుంటే ఉప్పు, పులుపు, కారం తెలుస్తున్నాయట. ఏం తింటున్నదీ మాత్రం తెలియడం లేదట. ఏది తిన్నా అట్టముక్క నమిలినట్టే ఉందన్నారు.

వాసన తెలియకపోవడం ఎవరికైనా కష్టమే. కాని మా అత్తగారి విషయం వేరు. ఆవిడ పుట్టిల్లు మాడుగుల దారిలో ఒక పల్లె. చిన్నప్పుడు వాళ్లమ్మతో కలిసి తట్ట నెత్తిన పెట్టుకుని కూరగాయలు అమ్మడానికి వచ్చిన మనిషి. పెళ్లయి చోడవరం వచ్చాక అమ్మడం పోయి కొనడం మిగిలింది. ఆదివారం, బుధవారం తెల్లవారగానే రైతు బజారుకి వెళ్లాలి, వెళ్తే తానే వెళ్లాలి. దోసకాయ తొడిమ దగ్గర ముక్కు పెట్టి చేదో కాదో చెప్పేవారు. కొత్తిమీర కట్టని వేళ్లతో నలిపి, ముందురోజు కోసిందయితే పక్కన పెట్టేసేవారు. మామిడికాయ అయితే ముచ్చిక చిదిపి సొన వాసన చూసి, ఇది పప్పుకి, ఇది ఊరగాయకి, ఇది మాగేసుకోడానికి అని విడదీసేవారు. మా వీధిలో ఎవరు ఊరగాయ పెట్టుకోవాలన్నా కాయలు ఎంచడానికి ఆవిడనే తీసుకెళ్లేవారు.

నేను గాజువాకలో పెరిగాను. నాన్నది ఫ్యాక్టరీ ఉద్యోగం. మాకు కూరగాయలంటే గేటు ముందుకొచ్చే బండి, తర్వాత్తర్వాత ఏసీ షాపులో ప్లాస్టిక్ కవరులో తూచి అంటించి ఉన్నవి. పెళ్లయి పదకొండేళ్లయినా చోడవరం బజారులో నేను ఒక్క టమాటా ఎంచలేదు. ఆవిడ ఎంచనివ్వలేదు, నాకూ ఆ అవసరం రాలేదు.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ముక్కులోపల వాసన పట్టే నరాలు దెబ్బతిన్నాయని, కొందరికి కొన్ని నెలల్లో తిరిగి వస్తుందని, కొందరికి ఇంకా ఆలస్యమవుతుందని ఆయన చెప్పారు. మందుల కంటే అభ్యాసం ముఖ్యమన్నారు. రోజూ పొద్దునా సాయంత్రం నాలుగు రకాల వాసనలు, ఒక్కొక్కటీ కాసేపు, అదేమిటో మనసులో తలుచుకుంటూ పీల్చాలట. నిమ్మకాయ, లవంగం, అల్లం, ఇంకేదైనా పువ్వు. బయటికి వచ్చాక అత్తగారు ఆ కాగితం మడిచి నా చేతికిచ్చేశారు. తెలియని దాన్ని తలుచుకోమంటే ఎలాగ అని గొణిగారు.

ఆ ఆదివారం ఆవిడ బజారుకి లేవలేదు. మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నారు. మా ఆయన అనకాపల్లిలో పనిచేస్తారు, ఆ వారం ఆదివారం కూడా డ్యూటీ పడింది. సంచి పట్టుకుని నేనే వెళ్లాను.

ఎండ ఇంకా ముదరలేదు. రైతు బజారు గేటు లోపలా బయటా గోనెలు పరుచుకుని కూర్చున్నారు. ఎవరి దగ్గర చూసినా అన్నీ పచ్చగా నిగనిగలాడుతూ కనిపించాయి. పెద్దవి బాగుంటాయనుకుని పెద్ద ఆనపకాయ తీసుకున్నాను. లావుగా ఉన్న ములక్కాడలు తీసుకున్నాను. వంకాయలు బరువుగా ఉంటే కండ ఎక్కువ ఉంటుందనుకున్నాను. ఎవరూ నాకు అబద్ధం చెప్పలేదు. నేను ఎవరినీ ఏమీ అడగలేదు, అంతే.

ఇంటికొచ్చి సంచి కుమ్మరించాను. అత్తగారు లేచి వచ్చి కత్తిపీట ముందు కూర్చున్నారు. ఆనపకాయ కోస్తే గింజలు గుమ్మడి గింజల్లా గట్టిగా ఉన్నాయి. ములక్కాడ నారతీస్తే కట్టెపుల్లే మిగిలింది. వంకాయలో గింజ తప్ప మరేమీ లేదు. ఆవిడ ఒక్కొక్కటీ కోసి పక్కన పెడుతూ, ఆఖరికి తల దించుకుని భుజాలు కదిలేలా నవ్వడం మొదలుపెట్టారు. జనవరి తర్వాత ఆవిడ నవ్వగా చూడటం అదే మొదటిసారి. నాకు సిగ్గేసింది గాని, నేనూ నవ్వేశాను. ఆ కూరగాయల్లో సగం పక్కవీధి గేదె తిన్నది.

“ముక్కు పోయింది గాని సేతులు పోనేదు నాకు. బుధవారం నేనూ వస్తాను” అన్నారు.

బుధవారం పొద్దున్నే, నేను స్కూలుకి వెళ్లేముందు, ఇద్దరం కలిసి వెళ్లాం. ఆవిడ ఎప్పుడూ కొనే మనిషి గేటు బయట గోడ నీడన కూర్చుంటుంది. చీడికాడ వైపు పల్లె నుంచి మొదటి ఆటోలో వస్తుంది. అత్తగారి కంటే రెండు మూడేళ్లు చిన్న. అత్తగారిని అప్పా అని పిలుస్తుంది, అక్కా అన్నట్టుగా. ఆదివారం కనపడలేదేమని అడిగింది. జలుబు చేసిందని అత్తగారు చెప్పారు. అబద్ధమని నాకు తెలుసు, నేను సంచి సర్దుకున్నాను.

ఆ రోజు నుంచి నా చదువు మొదలైంది. బీరకాయని చివర పట్టుకుని మెల్లగా వంచమనేవారు, వంగితే లేత, బిగుసుకుంటే ముదురు. వంకాయ చేతిలో తేలిగ్గా ఉండాలి, తొడిమ పచ్చగా ఉండాలి. ఆనపకాయ మీద సన్నగా నూగు ఉండాలి, నొక్కితే గోరు దిగాలి, అయితే గోరు దించితే అమ్మే మనిషి తిడుతుంది కాబట్టి బొటనవేలి మెత్తతో చూసుకోవాలి. ములక్కాడని రెండు చేతుల్తో పట్టి మెలిపెట్టాలి. తాటిముంజె మీద వేలు పెడితే నీళ్ల మీద పెట్టినట్టు కదలాలి. పుచ్చకాయని కొట్టి చెవి దగ్గర పెట్టమన్నారు. నేను కొట్టాను గాని నాకు అన్నీ ఒకేలా వినిపించాయి. వారం తర్వాత రెండు కాయల మధ్య తేడా తెలిసింది, మూడో వారానికి నాలుగింటి మధ్య.

వాసన చూడవలసినవి మాత్రం నా వంతు. దోసకాయ, కొత్తిమీర, పచ్చి జీడిపప్పు. మా వైపు వేసవిలో జీడిగింజ పచ్చిగా ఉన్నప్పుడే కోసి, పప్పు తీసి, నీళ్లలో వేసి అమ్ముతారు. నిన్నటివయితే పులిసిన వాసన వస్తుంది. ఆవిడ మామూలుగా ముక్కు దగ్గర పెట్టుకుని, తర్వాత నాకు అందించి, నువ్వూ సూడు, నేర్సుకో అనేవారు. నేను వాసన చూసి బాగుందనో, వద్దనో చెప్పేదాన్ని. చూసేవాళ్లకి అత్తగారు కోడలికి పని నేర్పుతున్నట్టు ఉండేది. ఆవిడకి కావలసిందీ అదే.

వంట కూడా అలాగే సాగింది. పొయ్యి దగ్గర నేను, పీట మీద ఆవిడ. చింతచిగురు పప్పులో తాలింపు ఎర్రబడగానే చప్పుడు మారుతుంది, వినమనేవారు. పచ్చి జీడిపప్పు వంకాయలో వేసి వండేటప్పుడు మూత తీసి చూడకుండా, ఆవిరి శబ్దం బట్టి నీళ్లు ఇంకాయో లేదో చెప్పారు. నేను రుచి చూసి ఎలా ఉందో మాటల్లో చెప్పాలి. బాగుంది అంటే ఒప్పుకునేవారు కాదు. ఎలాగ బాగుంది అని అడిగేవారు. ఆ ప్రశ్నకి జవాబు వెతకడంలోనే నాకు వంట తెలిసిందని ఇప్పుడు అనిపిస్తుంది. అంతకుముందు నేను తినేదాన్ని, అంతే.

ఏప్రిల్‌లో ఒకరోజు లేత పనసకాయ పొట్టు కొట్టించి తెచ్చాం. పనసపొట్టు కూరకి ఆఖర్న ఆవ పెట్టాలి, అంటే ఆవాలూ ఎండుమిరపకాయలూ నూరి, కూర పొయ్యి మీద నుంచి దించాక కలపాలి. రుబ్బురోలు దగ్గర ఆవిడే కూర్చున్నారు. నూరుతూ నూరుతూ ఒక్కసారిగా చెయ్యి ఆపి, ముక్కు పట్టుకున్నారు. కళ్ల వెంట నీళ్లు కారాయి. ముక్కులో కొట్టిందని, సూదితో పొడిచినట్టు తెలిసిందని చెప్పారు. ఆ పూట ఆవిడ మూడుసార్లు కూర వడ్డించుకున్నారు. మర్నాడు నేను డాక్టరుకి ఫోను చేస్తే, ఘాటు వేరు, వాసన వేరు, ఘాటు పట్టే నరం వేరే ఉంటుంది, ఇది వాసన రావడం కాదు అని నెమ్మదిగా చెప్పారు. నేను ఆ మాట అత్తగారికి చెప్పవలసి వచ్చింది. ఆవిడ సరే అన్నారు. వారం రోజులు, డాక్టరు చెప్పిన అభ్యాసానికి నేను సర్దిపెట్టిన నిమ్మకాయా లవంగం డబ్బా ముట్టుకోలేదు.

మే నెల వచ్చింది. ఊరగాయల కాలం. మా వీధి చివర ఇంట్లో ఒక రిటైరైన టీచరుగారు ఉంటారు. విశాఖలో ఉన్న ఇద్దరు పిల్లలకీ, వాళ్ల అత్తవారిళ్లకీ కూడా ఊరగాయ ఆవిడే పంపుతారు. ప్రతి ఏడూ కాయలు ఎంచడానికి మా అత్తగారే వెళ్తారు. ఈసారీ పిలిచారు. ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటారనుకున్నాను. ఆవిడ చీర మార్చుకుని వచ్చి, నువ్వు నా పక్కనే ఉండు అన్నారు.

ఆ రోజు మన చీడికాడ ఆమె దగ్గర అన్ని కాయలు లేవు. గేటు లోపల ఒక పెద్ద రాశి ఉంది, కొండ దగ్గరి తోటల నుంచి వచ్చినవి. అత్తగారు నాలుగైదు కాయలు తీసి నొక్కి చూశారు, గట్టిగానే ఉన్నాయి. ముచ్చిక చిదిపి ముక్కు దగ్గర పెట్టుకుని, నాకు అందించారు. టీచరుగారు పక్కనే నిలబడి చూస్తున్నారు. నేను వాసన చూశాను. సొన ఘాటు ఉంది, దాని వెనకాల పలచగా ఏదో తియ్యని వాసన ఉంది. నేను నగరంలో పెరిగినదాన్ని, తియ్యగా ఉందంటే మంచి జాతేమో అనుకున్నాను. బాగున్నాయి అత్తయ్యా అన్నాను. టీచరుగారు ఆ రాశిలోంచే రెండు గోనెలు వేయించుకున్నారు.

మర్నాడు పొద్దున్న కాయలు కొట్టడానికి టీచరుగారి పెరట్లో చేరాం. కడిగి తుడిచిన కాయలు చాప మీద ఆరుతున్నాయి. మొదటి కాయ పెద్ద కత్తి కింద పెట్టి కొట్టగానే లోపల టెంక చుట్టూ పసుపు కనిపించింది. రెండోది బాగుంది. మూడోది పసుపు. పైకి రాయిలా ఉన్న కాయలు లోపల్నుంచి పండడం మొదలుపెట్టాయి. అలాంటి ముక్క ఊరగాయలో వేస్తే వారానికే మెత్తబడి, జాడీ మొత్తం పాడవుతుంది. అన్నీ కొట్టి చూస్తే మూడోవంతు అలాంటివే తేలాయి.

టీచరుగారు పసుపు ముక్కలు ఏరి పక్కన పెట్టసాగారు. ఆ తియ్యని వాసన ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. తప్పు నాదని చెప్పబోయాను. నేను నోరు తెరిచేలోపు అత్తగారు కత్తి పక్కన పెట్టి నిలబడ్డారు.

“నాకు వాసన తెలీదు టీచరుగారూ. జొరం వచ్చిన కాడి నుంచీ లేదు. సెప్పుకోడానికి సిగ్గేసి, మా కోడల్ని ముందెట్టుకుని తిరుగుతన్నాను. ఆ పిల్లది తప్పు కాదు. తెలీనప్పుడు తెలీదని నేను సెప్పవలసింది” అన్నారు.

టీచరుగారు ఒక పీట లాగి, ముందు కూర్చోమన్నారు. మంచినీళ్లు తెప్పించారు.

“ముందే చెప్తే నేనేమైనా అనేదాన్నా? పదిహేనేళ్లుగా మీరు ఎంచిన కాయలే తిన్నాం. ఇప్పుడు ఈ పండిన వాటిని ఏం చేద్దామో చెప్పండి” అన్నారు.

ఆ ఒక్క ప్రశ్నతో మా అత్తగారి మొహం మారింది. కూర్చున్నచోటి నుంచే పనులు పురమాయించడం మొదలుపెట్టారు. బాగున్న ముక్కలు వేరు చేసి ఊరగాయకి. పసుపు తిరిగినవన్నీ తొక్క తీసి, తురిమి, బెల్లంతో తీపి పచ్చడికి. బెల్లానికి మా ప్రాంతంలో కొదవేముంది. టీచరుగారి పెరట్లో రాళ్లపొయ్యి వెలిగించి పెద్ద కళాయి పెట్టాం. నేను తురుము కలుపుతుంటే ఆవిడ పక్కన చిన్న గిన్నెలో నీళ్లు పెట్టుకుని, పాకం చుక్క అందులో వేసి వేలితో పట్టి చూస్తూ కూర్చున్నారు. ఇంకా ఉండాలి, ఇంకా ఉండాలి అంటూ, ఒక్క క్షణంలో దించెయ్ అన్నారు. దించేశాం. మెంతిపొడి, కారం, ఉప్పు కలిపాక టీచరుగారు వేలితో రుచి చూసి, ఇంకో వేలు నాకారు. ఆ పనికి ముక్కు అవసరం రాలేదు. చూపూ చెయ్యీ చాలాయి.

ఆ ఏడు టీచరుగారి పిల్లలు ఊరగాయ కంటే ఆ తీపి పచ్చడే మళ్లీ కావాలని ఫోను చేశారట. ఆ సంగతి చెప్పడానికి ఆవిడ స్వయంగా మా ఇంటికి వచ్చారు.

ఆ కాయలు కొట్టిన తర్వాతి ఆదివారం బజారులో చీడికాడ ఆమెకి కూడా అత్తగారే చెప్పారు, దాచకుండా, బీరకాయలు ఎంచుతూ. ఆమె తూకం కింద పెట్టి విన్నది. అంతా విని, తన పక్కనున్న గంపలో చెయ్యి పెట్టి ఏదో తీసి పిడికిట్లో మూసింది. అత్తగారిని కళ్లు మూసుకోమని, పిడికిలి ముక్కు దగ్గర పెట్టి, ఇదేటో సెప్పు అంది. అత్తగారు గట్టిగా పీల్చి, తెలియడం లేదన్నారు. కరివేపాకు అని ఆమె విప్పి చూపించింది. కరివేపాకు అని తలుచుకుని ఇంకోసారి చూడమంది. డాక్టరు చెప్పినది కూడా అదే కదా అని నాకు ఆశ్చర్యమేసింది. ఆమెకి అది ఎవరూ చెప్పలేదు. దూడ పోయిన గేదె పాలు చేపాలంటే పొదుగు మీద మళ్లీమళ్లీ ఓపిగ్గా చెయ్యి వెయ్యాలి కదా, ఇదీ అలాంటిదేనని తనంతట తానే అంది.

అక్కడి నుంచి అది అలవాటైపోయింది. మేం వెళ్లగానే ఆమె ఏదో ఒకటి పిడికిట్లో పట్టుకునేది. జీడిపండు, నలిపిన మామిడాకు, నిమ్మతొక్క, ఉల్లికాడ. పక్కనున్న అమ్మకందార్లు కూడా పువ్వో, ఆకో అందించేవాళ్లు. మా అత్తగారు తప్పు చెప్పేవారు, లేకపోతే తెలియదనేవారు. కాని ఇప్పుడు ఆ తెలియదనడంలో బరువు లేదు. ఇంటికొచ్చి నిమ్మకాయా లవంగం డబ్బా కూడా తానే తీసేవారు.

జూన్ మొదట్లో ఒక పొద్దున్న నేను పప్పులోకి తాలింపు పెడుతున్నాను. వెల్లుల్లి వేగుతోంది. పెరట్లో బట్టలు ఆరేస్తున్న అత్తగారు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు, ముక్కు చీరచెంగుతో మూసుకుని.

“టైర్లు కాలస్తన్నారేటి ఎవరైనా?” అని అడిగారు.

నాకు ఎక్కడా టైరు వాసన రాలేదు. వీధిలోకి వెళ్లి చూసొచ్చాను. ఎవరూ ఏమీ కాల్చడం లేదు. అప్పుడు అనుమానం వచ్చి, మూకుడులో వెల్లుల్లి రెబ్బ ఒకటి చెంచాతో తీసి ఆవిడ ముందు పెట్టాను. ఆవిడ వెనక్కి జరిగి, వాంతి వస్తున్నట్టు మొహం పెట్టారు. అదే, ఇదే కంపు అన్నారు. ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. ఐదు నెలల్లో ఆవిడకి తెలిసిన మొదటి వాసన అది, అదీ తప్పు వాసన.

డాక్టరు ఫోనులో ఈసారి ఉత్సాహంగా మాట్లాడారు. నరాలు తిరిగి అల్లుకునేటప్పుడు మొదట ఇలా తప్పుగా అల్లుకుంటాయని, ఇది మంచి గుర్తేనని చెప్పారు. ఈ మాట చెప్పడానికి నాకు ధైర్యం అవసరం రాలేదు. స్పీకరు పెట్టాను, ఆవిడే విన్నారు.

“తప్పుగానైనా వస్తన్నాది గదా” అని, మళ్లీ వెళ్లి మిగిలిన బట్టలు ఆరేశారు.

ఆ రోజు నుంచి మా వంటింట్లో వెల్లుల్లి ఆగిపోయింది. వేయించిన ఉల్లిపాయ కూడా ఆవిడకి కాలిన రబ్బరులాగే ఉండేది. మా ఆయన మొదటి రెండు రోజులు గునిశారు, తర్వాత అలవాటు పడ్డారు. ఆ రెండూ లేకపోతే వంట ఏముంది అనుకున్నాను గాని, వేసవి కూరగాయలకి వాటి అవసరం అంత లేదని తెలిసింది. లేత ఆనపకాయ ముక్కలు మగ్గనిచ్చి పాలు పోసి వండాం. బీరకాయ తొక్కుతో పచ్చిమిరపకాయలు వేసి పచ్చడి నూరాం. మామిడికాయ పప్పుకి ఆవాలూ ఎండుమిరపకాయా చాలు. కాయ తాజాది కాకపోతే ఆ తేడా కప్పడానికి వెల్లుల్లి లేదు కాబట్టి, ఎంచడంలో ఇంకా జాగ్రత్త వచ్చింది నాకు.

జూన్ చివరి ఆదివారం. బజారు ముగించుకుని షేరాటో ఎక్కాం. ముందు ఇద్దరు, వెనక నలుగురు, డీజిలు పొగ, చెమట. నా ఒళ్లో సంచి, దానిమీద కొత్తిమీర కట్ట. ఆటో సెంటరు దాటి కొంచెం ముందుకి వెళ్లిందో లేదో, అత్తగారు అటూ ఇటూ తల తిప్పడం మొదలుపెట్టారు. సీటు కిందకి వంగి చూశారు.

“పనసపండు ఎవరిది బాబూ?” అని అడిగారు.

నాకు డీజిలు వాసన తప్ప ఏమీ తెలియడం లేదు. మా పక్కనే కూర్చున్న ఒక పెద్దాయన, నాదేనమ్మా, గోనెలో కట్టి సీటు వెనకాల పెట్టాను, కారుతోందా ఏటి అని కంగారుగా అడిగాడు. మాడుగుల వైపు నుంచి కూతురింటికి పట్టుకెళ్తున్నాడట. కారడం లేదని అత్తగారు చెప్పారు. మూతి విప్పి ఒక్కసారి చూపిస్తావా అని బతిమాలారు. ఆయన అర్థం కాకపోయినా వెనక్కి తిరిగి తాడు వదులు చేశాడు. అప్పుడు నాకూ తెలిసింది ఆ వాసన. అత్తగారు వెనక్కి తిరిగి, గోనె మూతి దగ్గర మొహం పెట్టి, కళ్లు మూసుకుని అలాగే ఉండిపోయారు. ఆటోలో అందరూ చూస్తున్నారు. నేను ఆవిడ మోచెయ్యి పట్టుకున్నాను, పడిపోతారేమోనని కాదు, ఏదో ఒకటి పట్టుకోవాలనిపించింది.

“పనసే” అన్నారు నాతో. “టైరు కాదు, ఇంకేటీ కాదు. పనసే.”

డ్రైవరుని ఆపమన్నారు. అక్కడే దిగి, ఎండలో నడుచుకుంటూ మళ్లీ బజారుకి వెళ్లాం. అప్పటికి సగం మంది సర్దుకుంటున్నారు. గేటు దగ్గర ఒకాయన ముందు నాలుగు పనసపళ్లు మిగిలి ఉన్నాయి. ఆవిడ నాలుగింటినీ చేత్తో తట్టలేదు, నొక్కలేదు. ఒక్కొక్కదాని దగ్గరా గొంతుక్కూర్చుని వాసన చూశారు. రెండోదాని దగ్గర ఒక్క క్షణం ఎక్కువసేపు ఉన్నారు, నాలుగోదాన్ని తీసుకున్నారు. నేనూ వాసన చూశాను. నాకు రెండోదే ఎక్కువ నచ్చింది. ఆ మాట చెప్తే, అది నేటికి బాగుంటాది, ఇది రేపటికి కూడా ఉంటాది అని వివరించారు.

ఇంటికొచ్చి కత్తికీ చేతులకీ నూనె రాసుకుని ఆవిడే కోశారు. మొదటి తొన నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలారు. మా ఆయన పక్కన నిలబడి, ఎలాగుందమ్మా అని అడిగారు. తీపి ఎప్పుడూ తెలుస్తూనే ఉంది నాయినా, ఇప్పుడు పనస తెలిసింది అన్నారు. పెద్ద పళ్లెం నిండా తొనలు పెట్టి టీచరుగారింటికి నా చేత పంపించారు. బుధవారం మరో డబ్బాలో చీడికాడ ఆమెకి కూడా పట్టుకెళ్లాం. ఆమె తొన నోట్లో వేసుకుని, పిడికిలి ముందుకి చాపి, ఇదేటో సెప్పు అప్పా అంది. అత్తగారు వాసన చూసి, నిమ్మతొక్క అన్నారు. ఉల్లికాడ అని తేలింది. ఇద్దరూ నవ్వుకున్నారు.

ఇది జరిగి రెండేళ్లవుతోంది. వాసనలు ఒకేసారి రాలేదు, వరసగానూ రాలేదు. పనస తర్వాత నెలకి మల్లె వచ్చింది, దసరా దగ్గర నెయ్యి. కరివేపాకు వచ్చి పోయి మళ్లీ వచ్చింది. జలుబు చేస్తే కొన్ని రోజులు అన్నీ పోతాయి, అప్పుడు బజారులో ఆవిడ నావైపు చూస్తారు, నేను ముక్కు పెడతాను. నిన్న పొద్దున్న కొత్తిమీర కట్ట విప్పుతూ, ఇది కొత్తిమీరలాగే ఉందే అని తనలో తాను అనుకోవడం విన్నాను. వెల్లుల్లి మాత్రం ఇంకా రబ్బరే. వచ్చే వారం ఒక చిన్న రెబ్బ వేయించి చూద్దామన్నారు, కిటికీలన్నీ తీసిపెట్టి.